డాడ్జా, ఫార్గోనా?

ఎప్పటినుంచో రాయాలనుకుంటూ, రాస్తే నా తప్పును నేనే చాటుకున్నట్టవుతుందని వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. మిత్రుల్లో కొందరు పాత పాటల సాహిత్యం సేకరిస్తారు, కొందరు ఛందస్సు గురించి రాస్తారు, కొందరు శాసనాల వెంట తిరుగుతారు. నా వ్యసనం వేరు. పాత సినిమాల్లో కనిపించే లారీలను, ముఖ్యంగా యుద్ధానికి అటూ ఇటూ వచ్చిన అమెరికా లారీలను గుర్తుపట్టడం నా పని. తెర మీద కథానాయిక కన్నీరు పెట్టుకుంటుంటే, ఆమె వెనక దుమ్ము లేపుకుంటూ పోతున్న బండి రేడియేటరు ముందరి పట్టీలు ఎన్నో నేను లెక్కపెడుతుంటాను. మా ఇంట్లోవాళ్ళు నాతో కలిసి సినిమా చూడడం మానేసి చాలా కాలమైంది.

దీనివల్ల లోకానికి ఒరిగేదేమిటని అడిగినవారున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మా మేనమామ గురించి చెప్పాలి.

మాది ఆత్మకూరు. అమ్మ పుట్టిల్లు ఉదయగిరి. రెండూ నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోవే. రైలూ గ్రాండ్ ట్రంక్ రోడ్డూ సముద్రతీరం పక్కనే సాగిపోయాయి తప్ప మా వైపు తొంగిచూడలేదు. నా చిన్నతనంలో మాకు రైలంటే నెల్లూరు వెళితే కనిపించే వస్తువు. ఉప్పు నుంచి ఊరేగింపు దీపాల దాకా అన్నీ లారీ మీద రావలసిందే, చింతపండూ కట్టెలూ అభ్రకమూ లారీ మీద పోవలసిందే. ఉదయగిరి దుర్గం 1514లో కృష్ణదేవరాయల వశమైన కథ అందరికీ తెలుసు. ఆ ముట్టడి ఎన్నాళ్ళు సాగిందో, ఎవరు చిక్కారో చరిత్రకారులు విస్తారంగా రాశారు. ఆ కొండ కిందికి మొదట వచ్చిన లారీ ఏదో, దాన్ని ఎవరు తోలుకొచ్చారో రాసినవారిని మాత్రం నేను చదవలేదు.

మామ 1950 ప్రాంతంలో, ఇంకా మీసం రాకముందే, లారీ మీద క్లీనరుగా చేరాడు. తర్వాత డ్రైవరయ్యాడు. ఆత్మకూరు వైపు గనుల అభ్రకాన్ని గూడూరుకు చేరవేసేవాడు. బడి మొహం పెద్దగా చూడలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన చదవగలిగినవి బండ్ల మీద ఉండేవి మాత్రమే.

మా చెల్లెలి పెళ్ళికి ముందురోజు ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంది. టీవీలో ఏదో నలుపు తెలుపు సినిమా వస్తోంది. పేర్లు పడడం అయిపోయాక పెట్టారు కనుక సినిమా పేరు నాకు తెలియదు. ఒక దృశ్యంలో బస్తాలు వేసుకున్న లారీ ఒకటి మలుపు తిరిగి మన వైపు వచ్చి ఆగింది. పట్టుమని పది క్షణాలుండదు. అరుగు మీద నుంచి చూస్తున్న మామ లేచి లోపలికి వచ్చి, "అదే అబ్బయా, ఫార్గో. నేను మొదట ఎక్కింది ఆ బండే" అన్నాడు.

అప్పటికి నా దగ్గర అమెరికా లారీల గురించిన బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని నేను దాదాపు కంఠస్థం చేశాను. "కాదు మామా, అది డాడ్జి. 1948 తర్వాతి మోడల్" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. పుస్తకం తెచ్చి, పుట తీసి, పదిమంది ముందు బొమ్మ చూపించాను. మడ్గార్డు వంపు, ముందరి పట్టీలు, దీపాలు అన్నీ సరిపోయాయి. బొమ్మ కింద డాడ్జి అని అచ్చు వేసి ఉంది. పుస్తకం మొత్తం తిరగేసినా ఫార్గో అన్న మాటే లేదు. ఎవరో నవ్వారు. "నలభై ఏళ్ళు బండి తోలి బండి పేరు తెలీదా పెద్దాయనా" అన్నారు ఇంకెవరో. మామ ఆ బొమ్మను కాసేపు చూసి, "నువ్వు బొమ్మ చూసి చెప్తా ఉండావు అబ్బయా. నేను దాని కింద పండుకోని లేచినోణ్ణి" అని మళ్ళీ అరుగు మీదికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా దగ్గర బండ్ల ప్రస్తావన తేలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది.

నాకు అసలు సంగతి తెలిసింది ఆ తర్వాతే. క్రైస్లర్ కంపెనీ 1928లో డాడ్జిని కొనుక్కుంది. ఫార్గో అన్న పేరుతో లారీలు మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే. అమెరికాలో ఆ పేరు త్వరగానే మరుగున పడింది గానీ, కెనడాలోనూ ఎగుమతి బండ్ల మీదా దశాబ్దాలపాటు నిలిచింది. బండి ఒక్కటే, బానెట్ మీది పేరు మారేది. డాడ్జి, ఫార్గో, డీసోటో అని మూడు పేర్లతో ఒకే లారీ మూడు రకాల డీలర్లకు పోయేది. మన దేశంలో 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు క్రైస్లర్‌తో ఒప్పందం చేసుకుని బొంబాయి కుర్లాలో ఈ బండ్లను కూర్చారు. ఆ కర్మాగారం నుంచి డాడ్జీలూ వచ్చాయి, ఫార్గోలూ వచ్చాయి. నా పుస్తకం అమెరికావాళ్ళు అమెరికావాళ్ళ కోసం రాసుకున్నది కనుక అందులో ఫార్గోకు చోటు లేకపోయింది. పుస్తకంలో లేదు కనుక లోకంలో లేదనుకున్నాను నేను.

ఆ సినిమాలో కనిపించింది ఫార్గోయేనని ఇప్పటికీ నేను చెప్పలేను. బానెట్ మీది అక్షరాలు ఆ పది క్షణాల్లో కనపడలేదు. ఆ సినిమా కోసం తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. మామ తప్పు చెప్పాడనడానికి మాత్రం ఆ రోజు నాకు ఏ ఆధారమూ లేదు.

అప్పటినుంచి ఈ గుర్తుపట్టే విద్యను కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఇందులో పుస్తకం చెప్పే గుర్తులు కొన్ని నిజంగానే పనికొస్తాయి. ముందర అడ్డంగా ఐదు పట్టీలుంటే అది 1947 నడిమి నుంచి 1953 వరకు వచ్చిన షెవర్లే. 1954లో ఆ ముఖం మార్చేశారు. ఫోర్డు వారి ఎఫ్ వరుస 1948లో మొదలైంది, 1951లో ఒకసారి ముఖం మార్చుకుంది. పాత సినిమాల్లో బండి మధ్యదారిలో ఆగిపోవడం ఒక ఆచారం కదా, ఆ ఘట్టం నాలాంటి వాడికి వరం. హాస్యనటుడు బానెట్ ఎత్తి తల లోపల పెడతాడు. అప్పుడు ఇంజను కనిపిస్తే పంట పండినట్టే. స్పార్క్ ప్లగ్గులు ఇంజను నెత్తిన నిటారుగా నిలబడి ఉంటే డాడ్జి వంశం, పక్కన ఒరిగి ఉంటే షెవర్లే, రెండు వరుసలుగా చీలి ఉంటే ఫోర్డు వి8. దర్శకుడు ఆ సమయానికి కథానాయకుడి ముఖం చూపించాలనుకోవడమే ఇందులోని విషాదం.

కానీ మన సినిమాల దగ్గరికి వచ్చేసరికి పుస్తకపు గుర్తుల్లో సగం చెల్లవు. అమెరికాలో ఏ సంవత్సరపు బండో తేల్చడానికి ముందర అద్దం చూస్తారు. రెండు ముక్కలా, ఒకటే ముక్కా అని. తలుపులో చిన్న కిటికీ ఉందా లేదా అని. మన దగ్గర ఈ ప్రశ్నలకు అర్థం లేదు. మనవాళ్ళు చాలావరకు కొన్నది ఛాసిస్, దాని మీద ఇంజను, బానెట్, మడ్గార్డులు మాత్రమే. ఆ వెనకదంతా ఇక్కడి వడ్రంగుల పని. కాబిన్ కర్రతో కట్టారు, తలుపులు కర్రతో చేశారు, అద్దం వాళ్ళకు దొరికిన కొలతలో బిగించారు. ఆ భాగానికి డెట్రాయిట్‌లో నమూనా లేదు. కనుక తెర మీద మనం చూస్తున్నది ముందు సగం అమెరికా, వెనక సగం నెల్లూరో, బెజవాడో, మద్రాసో.

ఆ ముందు సగమైనా అమెరికాదేనా అంటే అదీ సందేహమే. మన రోడ్ల మీద తిరిగిన ఫోర్డుల్లోనూ షెవర్లేల్లోనూ చాలా వాటికి పుట్టిల్లు కెనడా. బ్రిటిష్ సామ్రాజ్యంలో సుంకం తక్కువ పడేది, స్టీరింగూ మనకు కావలసిన వైపే వచ్చేది. 1926లో ఇక్కడ పెట్టిన ఫోర్డు సంస్థ కూడా కెనడా ఫోర్డు వారి శాఖే. యుద్ధకాలంలో కెనడాలోని ఫోర్డు, షెవర్లే కర్మాగారాలు సామ్రాజ్య సైన్యాల కోసం చప్పిడి ముక్కు లారీలను లక్షల కొద్దీ చేశాయి. యుద్ధం ముగిశాక అవి, వాటితోపాటు అమెరికా సైన్యం వదిలి వెళ్ళిన జి.ఎం.సి. ఆరు చక్రాల బండ్లు, జీపులు డిస్పోజల్స్ వేలంలో అమ్ముడయ్యాయి. అమెరికా సైన్యం బండికి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఇదొక మంచి గుర్తు. అయితే ఫిల్ము తిరగేసి ముద్రించారేమో కూడా చూసుకోవాలి. దుకాణాల బోర్డుల మీది అక్షరాలు ఆ గుట్టు చెప్పేస్తాయి.

బెడ్‌ఫోర్డు సంగతి మరీ చిత్రం. అది ఇంగ్లండు బండి, కానీ కంపెనీ అమెరికా జనరల్ మోటార్స్ వారి చేతిలోది. 1931లో మొదలైనప్పుడు అక్కడ అప్పటిదాకా తయారవుతున్న షెవర్లే లారీకి తమ్ముడిలాగే ఉండేది. 1954లో టాటా మెర్సిడెస్ వచ్చింది. అదీ ముందు గుండ్రటి మూతి ఉన్న బండే. ఈనాటి కుర్రవాళ్ళు దాన్ని చూసి అమెరికా లారీ అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. మూతి ఉన్నదల్లా అమెరికాది కాదు.

కాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1955లో విడుదలైన సినిమాలో 1956 మోడల్ బండి ఉండదు, అంతవరకే సినిమా మనకు సాక్ష్యం. కింది హద్దు అది చెప్పదు. 1950ల నడిమికి ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండూ మన దేశంలో బండ్లు కూర్చే పని మానుకున్నాయి. ఇక్కడే తయారు చేయాలి, లేదా వెళ్ళిపోవాలి అన్నది అప్పటి ప్రభుత్వ విధానం. ఆ తర్వాత ఉన్న బండ్లనే మరమ్మతు చేసుకుంటూ తోలారు. పెట్రోలు ఖర్చు భరించలేక ఇంజను తీసేసి పెర్కిన్స్ డీజిల్ ఇంజను పెట్టించారు. మద్రాసు సింప్సన్ వారు ఆ ఇంజన్లు తయారు చేసేవారు. కాబట్టి 1960లలోని సినిమాలో 1940ల నాటి షెవర్లే నిక్షేపంగా పరిగెత్తుతూ కనిపిస్తుంది, దాని గుండె మాత్రం ఇంగ్లండుది. పోనీ శబ్దం విని పోల్చుకుందామా అంటే, బయట తీసిన దృశ్యాలకు మోత తర్వాత స్టూడియోలో కలిపేవారు. తెర మీద ఒక బండి, చెవిలో ఇంకో బండి.

అన్నిటికన్నా తేలికగా కాలం చెప్పే గుర్తు ఒకటుంది. కాబిన్ వెనకనో పక్కనో నిలువుగా పీపా లాంటిది బిగించి ఉంటే అది బొగ్గు గ్యాసు బండి. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు వచ్చిన ఏర్పాటు. తెల్లవారుజామున బొగ్గు రాజేసి క్లీనరు చెయ్యి తిప్పి తిప్పి గాలి కొడితే గాని బండి కదిలేది కాదని మా తాతగారి తరంవారు చెప్పేవారు.

మామ పోయిన తర్వాత ఒకసారి ఆత్మకూరులో పాత లారీ షెడ్డు ఒకదానికి వెళ్ళాను. అక్కడి వృద్ధ మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. షెడ్డు వెనక చిల్లకంపలో ఒక పాత ముందు భాగం పడి ఉంది. ఐదు పట్టీలు, స్పష్టంగా. "షెవర్లే, 1947 తర్వాతది" అన్నాను, మళ్ళీ అదే గర్వంతో. ఆయన నవ్వి, "ముక్కు చవర్లెట్టుదే అయ్యా. ఇది ఉన్నింది బెడ్‌ఫోర్డు మీద. చెట్టుకు గుద్దినాక మేమే కోసి అతికించినాం" అన్నాడు. ఆ బండి ఏదైనా సినిమాలో కనిపించి ఉంటే నేను దాన్ని ఏమని రాసుకునేవాణ్ణో మీరే ఊహించుకోండి.

ఈ విషయంలో నా అభిప్రాయం ఇది. పాత బండ్లను గుర్తుపట్టే అభిరుచి ఉన్నవారు మనలో ఇప్పుడు చాలామందే ఉన్నారు, సంతోషం. కానీ ఆ గుర్తుపట్టడం దాదాపు ఎప్పుడూ ఒకే దిక్కుగా సాగుతోంది. విదేశీ కంపెనీ పేరు, మోడల్, సంవత్సరం తేల్చేస్తే పని అయిపోయిందనుకుంటున్నాం. ఆ బండిని తోలినవాడు దాన్ని ఏమని పిలిచాడో, కాబిన్ ఏ ఊళ్ళో కట్టారో, ఇంజను ఎన్నిసార్లు మార్చారో మనం అడగం. అడిగినా, పుస్తకానికి సరిపడకపోతే పెద్దాయనకు మతిమరుపు వచ్చిందనుకుంటాం. నేను చేసింది అదే కనుక ఇంత ధీమాగా చెబుతున్నాను.

డ్రైవర్ల జ్ఞాపకం వేదవాక్కు అని నా వాదన కాదు. మూతి ఉన్న ప్రతి లారీనీ చవర్లెట్టు అనే పెద్దవాళ్ళను నేను ఎరుగుదును. ఒకాయన తన జీవితంలో మొదట తోలింది అమెరికా బండి అని గంటసేపు వర్ణించి, చివర దాని ముందర చక్రంలో మూడు కోణాల చుక్క గుర్తు ఉండేదన్నాడు. అది టాటా మెర్సిడెస్. ఆయన పొరపాటును నేను సరిదిద్దలేదు, ఆయన చెప్పిన గుర్తుతోపాటు ఆయన మాటనూ యథాతథంగా రాసుకున్నాను. అచ్చు పుస్తకానికి మనం ఇచ్చే మర్యాదలో పాతిక వంతైనా ఇలాంటి నోటి మాటకు ఇవ్వమంటున్నాను, అంతే.

సినిమా ఎందుకు, వేరే ఆధారాలు లేవా అంటే, మా వైపు నిజంగానే లేవు. మామ నలభై ఏళ్ళ వృత్తిలో ఆయన తోలిన ఏ లారీకీ మా ఇంట్లో ఫోటో లేదు. అప్పట్లో ఫోటో అంటే పెళ్ళికీ చావుకీ. స్టూడియో వాళ్ళు బండ్లను చూపించాలని చూపించలేదు, కథకు దారి కావాలి, దారికి లారీ కావాలి, అంతే. అలా అనుకోకుండా మద్రాసు చుట్టుపక్కల తిరిగే మామూలు బండ్లు ఫిల్ము మీద మిగిలిపోయాయి. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే, అక్కడి బండ్లూ మా బండ్లూ ఒకే దుకాణాల నుంచి వచ్చినవే. 1957 నాటి 'నయా దౌర్'లో గుర్రబ్బండికీ బస్సుకీ జరిగిన పందెం దేశమంతా చూసింది. గుర్రం గెలిచిందని అందరికీ గుర్తు. ఆ బస్సు ఏ కంపెనీదని అడిగినవాళ్ళు నాకు తారసపడలేదు. 1990లో 'లారీ డ్రైవర్' వచ్చేనాటికి మన రోడ్ల మీద రాజ్యం టాటాదీ లేలాండుదీ. ముక్కు బండ్లు అప్పటికే తుక్కు కొట్లకు చేరిపోయాయి.

అమెరికావాళ్ళ దగ్గర ఈ విషయంలో నేర్చుకోవలసింది ఒకటుంది. 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939లో స్టయిన్‌బెక్ రాసిన నవల, మరుసటి ఏడాదే జాన్ ఫోర్డ్ సినిమాగా తీశాడు. అందులో ఒక్లహామా రైతు కుటుంబం వలసపోయే బండి నిజానికి లారీ కాదు. హడ్సన్ కారును వెనక సగం కోసేసి లారీగా మార్చుకున్నది. పేదవాడి చేతిలో బండి ఎలా మారిపోతుందో కూడా నవలాకారుడు రాసి పెట్టాడు. అందుకని అక్కడ ఆ బండిని కారుగా గుర్తుపట్టి ఊరుకోరు, ఎవరు కోశారో ఎందుకు కోశారో కలిపి చెప్పుకుంటారు. ఆత్మకూరు షెడ్డులో బెడ్‌ఫోర్డుకు షెవర్లే ముక్కు అతికించిన మేస్త్రీ గురించి రాసినవాళ్ళు మనకు లేరు.

ఇప్పుడు నా నోటుపుస్తకం పద్ధతి మార్చుకున్నాను. సినిమా పేరు, సంవత్సరం, దృశ్యం రాశాక, కంటికి కనిపించినదేమిటో ఒక గడిలో, నేను ఊహించినదేమిటో వేరే గడిలో రాస్తాను. ఇంకో గడి ఎవరు చెప్పారన్నది. మీ ఇళ్ళలో, మీ వీధుల్లో పాత డ్రైవర్లు, క్లీనర్లు, మేస్త్రీలు ఉంటే వాళ్ళను టీవీ ముందు కూర్చోబెట్టి ఒక నలుపు తెలుపు సినిమా పెట్టండి. లారీ రాగానే ఆపండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, ఏ పుస్తకమూ తెరవకుండా. ఇక్కడ రాస్తే మరీ సంతోషం.

ఆ నోటుపుస్తకం మొదటి పుటలో ఇలా ఉంది: సినిమా పేరు తెలియదు. బస్తాల లారీ, మలుపు దగ్గర. క్రైస్లర్ వారి బండి, 1948 తర్వాతది కావచ్చు. కాబిన్ కర్రది, ఇక్కడ కట్టినది. పేరు: ఫార్గో. చెప్పినవారు: మా మామ, ఉదయగిరి.